నడిచేవాళ్ళు రాయరు, రాసేవాళ్ళు నడవరు: వీధి నోట్‌బుక్ ప్రాజెక్టు డైరీ

ప్రస్తుతానికి

రెండో షీటు ప్రింటుకి వెళ్ళింది, చేతికి కాస్త ఖాళీ దొరికింది, అందుకే ఇప్పటిదాకా జరిగిన పనంతా ఒకచోట రాసి పెడుతున్నా. కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, మా చుట్టుపక్కల వీధుల్లో రోజూ నడిచేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు, బస్సు కోసం నిలబడేవాళ్ళు తమ రోడ్డు గురించి తామే చెప్పాలి, ఆ మాట పక్కన ఒక కొలత ఉండాలి, రెండూ కలిపి ఒక ఏ4 కాగితం మీద అచ్చేసి ఏ చోటు గురించి చెప్పారో సరిగ్గా ఆ చోటే వేలాడదీయాలి. అంతే. యాప్ లేదు, సంఘం లేదు, బ్యానర్ లేదు. ఓ అయిదారుగురం ఉన్నాం, ఒకరికి ఎలక్ట్రానిక్స్ పిచ్చి, ఒకరికి ఫాంట్ల పిచ్చి, మిగతావాళ్ళకి ఆ రోడ్డు మీద తగిలిన దెబ్బలు.

రాస్తే ఏమవుతుందండీ అని మొదట్లోనే ఒకాయన అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. నెదర్లాండ్స్ సంగతి చెప్పాం. ఇప్పుడు సైకిళ్ళ దేశం అంటే అందరూ దాన్నే చూపిస్తారు గానీ 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో 3,200 మందికి పైగా పోయారు, అందులో పిల్లలే 400 మందికి పైగా. విక్ లాంగెన్‌హాఫ్ అనే జర్నలిస్టు కూతురు స్కూలుకి సైకిల్ మీద వెళ్తూ కారు కింద పడి చనిపోయింది, ఆయన 1972లో తన పేపర్లోనే 'పిల్లల హత్యలు ఆపండి' అన్న హెడ్డింగుతో రాశాడు. తర్వాత వీధుల్లోకొచ్చిన తల్లిదండ్రుల ఉద్యమానికి ఆ హెడ్డింగే పేరైపోయింది. ఒక్క వ్యాసంతో రోడ్లు మారాయని నేననను, చమురు ధరలు పెరగడం లాంటివి కూడా తోడయ్యాయి, కానీ ఆ రాత లేకపోతే ఎక్కడెక్కడో విడివిడిగా ఏడ్చేవాళ్ళు ఒకచోట చేరడానికి ఓ మాట దొరికేది కాదు. ప్రశ్న అడిగినాయన ఆ కథకి తలూపాడు గానీ నోట్‌బుక్ మాత్రం తీసుకోలేదు. సరే.

నోట్‌బుక్కులు

చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకాలు, ఒక్కోదానికి పెన్సిలు దారంతో కట్టి ఇచ్చాం. పెన్ను వద్దనుకున్నాం, ఎందుకంటే నిలబడి గోడకి ఆనించి రాస్తే కాసేపటికే పెన్ను మొరాయిస్తుంది, వాన చినుకు పడితే ఇంకు అలుక్కుపోతుంది, పెన్సిలుకి ఈ గోలేం లేదు. మొదటి పేజీలో ప్రశ్నలు. కుస్తీ అంతా వీటి మీదే.

"మీ వీధి గురించి రాయండి" అని అడిగామనుకోండి, అందరూ వ్యాసం రాస్తారు. స్కూల్లో నేర్చుకున్న వ్యాసం, రోడ్లు దేశానికి జీవనాడులు, అధికారులు ఇకనైనా మేలుకోవాలి, పౌరులు కూడా బాధ్యతగా మెలగాలి. చదవడానికి బానే ఉంటుంది, ఏ రోడ్డుకైనా సరిపోతుంది, అందుకే ఏ రోడ్డుకీ పనికిరాదు. కాబట్టి ప్రశ్నల్ని కాళ్ళ దగ్గరికి దించాం. ఇవాళ ఎక్కడ ఆగారు, ఎందుకు? ఫుట్‌పాత్ ఎక్కడ దిగారు, మళ్ళీ ఎక్కడ ఎక్కారు? చేతిలో ఏముంది? వెంట ఎవరున్నారు? దాటేముందు ఎటు చూశారు? చివరి పేజీలో మాత్రం ఖాళీ మ్యాపు, దాని సంగతి తర్వాత చెప్తా.

చేతిలో ఏముంది అన్న ప్రశ్న పెట్టేటప్పుడు మాలోనే ఒకరు నవ్వారు, ఇదేం ప్రశ్న అని. తీరా చూస్తే సరుకంతా అక్కడే దొరికింది. ఒకావిడ రాసింది ఇది, షీటులో యథాతథంగా వేశాం: "ఒక చేతిలో పిల్లాడు, ఇంకో చేతిలో సంచి, కారు వాణ్ణి ఆగమని చెయ్యి చూపించడానికి మూడో చెయ్యి లేదు." రోడ్డు దాటడం అంటే చెయ్యి ఊపుతూ దాటడమే అని మనం ఎంత అలవాటుపడ్డామో ఈ ఒక్క వాక్యం చెప్పినట్టు నేను పేజీలు రాసినా చెప్పలేను. ఇంకో కాలేజీ అబ్బాయి చేతిలో ఏముంది అన్నదానికి "ఫోన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు, అది కూడా వేశాం, నిజాయితీ కదా.

నడిచేవాళ్ళు రాయరు

పుస్తకాలు తిరిగొచ్చాక అర్థమైంది ఏంటంటే, నిండుగా రాసినవాళ్ళంతా పొద్దున వాకింగుకి వెళ్ళేవాళ్ళు, ఆదివారం ఆదివారం హెల్మెట్ పెట్టుకుని సైకిల్ తీసేవాళ్ళు. అంటే నడవకపోయినా గడిచిపోయేవాళ్ళు. బండి లేక, బస్సు దొరక్క, రోజూ పనికి నడిచే వెళ్ళి నడిచే వచ్చేవాళ్ళ పుస్తకాలు ఖాళీగా వచ్చాయి, కొన్ని రానే లేదు. మాలో ఫాంట్ల మనిషి విసుక్కుని అన్నమాటే ఈ డైరీకి పేరైంది. వాళ్ళని తప్పు పట్టడానికి ఏముంది, ఇళ్ళల్లో పనిచేసే ఒక పెద్దావిడ మొహమాటం లేకుండా చెప్పింది, "నాలుగిళ్ళు తిరగాలి బాబూ, కూచుని రాసే టైముంటే కాసేపు కాళ్ళు చాపుకుంటా."

అయితే మేమే వెంట నడుస్తాం, మీరు మాట్లాడండి అన్నాం. కాలర్‌కి చిన్న మైకు, ఫోన్ జేబులో, పక్కన మాలో ఒకరు. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, ఇంటికొచ్చాక ఏం వేస్తున్నామో చదివి వినిపించి, పేరు లేకుండా, ఇల్లు ఎక్కడో తెలిసే వివరం లేకుండా. పిల్లలైతే అమ్మానాన్నలు ఒప్పుకుంటేనే.

ఈ రికార్డింగులు వింటుంటే ఒకటి పట్టుకున్నాం, ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. మనిషి గలగలా మాట్లాడుకుంటూ నడుస్తుంటాడు, కూతురి చదువు గురించో మోకాలి నొప్పి గురించో, ఉన్నట్టుండి మాట ఆగిపోతుంది. కొన్ని సెకన్లు హారన్లు, ఊపిరి, చెప్పుల చప్పుడు. మళ్ళీ ఆపిన చోటు నుంచే మాట మొదలు. ఆ మౌనం ఎక్కడొచ్చిందో మ్యాపులో చుక్క పెడితే, వేర్వేరు మనుషుల చుక్కలన్నీ దాదాపు అవే నాలుగైదు చోట్ల పడ్డాయి. ఇక్కడ కష్టంగా ఉందా అని అడిగితే మాత్రం "ఏం లేదండీ అలవాటే" అంటారు! నోరు అలవాటే అంటుంది, మాట మాత్రం అక్కడ ఆగిపోతూనే ఉంది. మాటకీ నడకకీ లంకె ఉందని డాక్టర్లకి తెలిసిన విషయమే, 1997లో స్వీడన్ పరిశోధకులు పెద్దవాళ్ళ మీద చూశారు, మాట్లాడాల్సి వచ్చినప్పుడు నడక ఆపేసేవాళ్ళు తర్వాత పడిపోయే అవకాశం ఎక్కువని. మాది దానికి తిరగబడ్డ బేరం, ఇక్కడ నడక కోసం మాట ఆపేస్తున్నారు. మాది పరిశోధనేం కాదు, ఎక్కడ టేపు తీయాలో చెప్పే గుర్తు, అంతవరకే.

ఆ రికార్డింగులు విని కాగితం మీదికి ఎక్కించడం మాత్రం నరకం. వాయిస్ టైపింగ్ హారన్ల మధ్య సగం మాటలు మింగేస్తుంది, మిగతా సగాన్ని పుస్తక భాషలోకి మార్చేస్తుంది, కాబట్టి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చేత్తోనే. ఎవరు ఎలా మాట్లాడితే అలానే ఉంచాం. ఒకాయన అభ్యంతరం చెప్పాడు, మా అమ్మ మాట అచ్చులో చూస్తే నవ్వుతారేమో అని, ఆవిడే "నవ్వనీరా, చదువుతారు కదా" అంది.

టేపు

చుక్కలు పడ్డ చోట్లకి టేపు, సుద్ద ముక్క, స్టాప్‌వాచ్ పట్టుకుని వెళ్ళాం. ఒకచోట ఫుట్‌పాత్ గోడ నుంచి అంచు దాకా రెండు మీటర్లు, చూస్తే దర్జాగా ఉంటుంది. కానీ మధ్యలో కరెంటు స్తంభం, దాని పక్కన ఏదో కేబుల్ పెట్టె, గోడకీ పెట్టెకీ మధ్య మిగిలింది 70 సెంటీమీటర్లు. వీల్‌చెయిర్ పోవాలంటే కనీసం 90 కావాలి. పైగా గోడని రాసుకుంటూ ఎవరూ నడవరు, తెలియకుండానే అడుగు దాకా వదులుతారు, కాబట్టి నడిచేవాడికి అక్కడ నిజంగా మిగిలేది భుజం పట్టేంత. జనం అక్కడ రోడ్డు మీదకి దిగుతున్నారంటే క్రమశిక్షణ లేక కాదు. ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద నడుస్తారేంటి అని విసుక్కునేవాళ్ళ కోసమే ఆ ఫోటో షీటులో పెద్దగా వేశాం, టేపు మీద అంకె కనబడేలా.

చూపు లేని మాస్టారు ఒకాయన మాతో వచ్చారు. గీతల పలకలు, చుక్కల పలకలు ఉంటాయి కదా కాలిబాట మీద, గీతలుంటే వెళ్ళొచ్చు, చుక్కలుంటే ఆగి జాగ్రత్తపడాలి అని అర్థం, వీటిని జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన 1965లో తయారు చేశాడు, 1967లో ఒకయామాలో మొదటిసారి రోడ్డు మీద పరిచారు. మేం వెళ్ళిన చోట పసుప్పచ్చ గీతల పలకలు కొత్తగా, నీటుగా ఉన్నాయి, వరసగా వెళ్ళి సరిగ్గా స్తంభం మొదట్లో ఆగుతాయి. చుక్కల పలక లేదు, పక్కకి మలుపు లేదు. మాస్టారు కర్రతో స్తంభాన్ని టకటకా కొట్టి, "చూశారా, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దీనికి అప్పజెప్తాయి" అన్నారు. పలకలు పరిచిన మనిషికి అవి దేనికో ఎవరూ చెప్పి ఉండరు, ఆ పలకల మీద నడిచే మనిషిని ఎవరూ పిలిచి చూపించి ఉండరు.

సిగ్నల్ దగ్గర ఇంకో తమాషా. రోడ్డు అడ్డంగా 14 మీటర్లు, నడిచేవాళ్ళకి పచ్చబొమ్మ 12 సెకన్లు. సెకనుకి 1.2 మీటర్లు నడుస్తారు అనే పాత లెక్క చాలా దేశాల్లో వాడతారు, ఆ లెక్కన 14 మీటర్లకి పదకొండున్నర పైచిలుకు సెకన్లు, అంటే సిగ్నల్ కాగితం మీద పాస్. అమెరికాలో 2009లో దీన్ని సెకనుకి 3.5 అడుగులకి, అంటే దాదాపు 1.07 మీటర్లకి తగ్గించారు, అలా చూస్తే ఇదే రోడ్డుకి 13 సెకన్లు కావాలి, ఫెయిల్. ఇంగ్లాండ్‌లో 65 దాటినవాళ్ళ నడక కొలిచి 2012లో ఒక అధ్యయనం వేశారు, సగటు మగవాళ్ళకి 0.9, ఆడవాళ్ళకి 0.8. సెకనుకి 0.8 అంటే 12 సెకన్లకి తొమ్మిదిన్నర మీటర్లు, ఇంకా నాలుగు మీటర్లకి పైగా రోడ్డు మిగిలే ఉంటుంది, అంటే ఆ పెద్దమ్మ ఆఖరి లేన్ అంచున నిలబడి ఉండగా బళ్ళకి పచ్చలైటు పడుతుంది. "సగం రోడ్డు వాళ్ళిస్తారు, సగం దేవుడిస్తాడు" అని ఒకావిడ రికార్డింగులో అంది, ఆ మాట కింద ఈ లెక్క వేశాం. లెక్క ఒక్కటే వేస్తే ఎవడూ చదవడు, మాట ఒక్కటే వేస్తే ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు.

సైకిల్ సెన్సర్

ఇది మా ఎలక్ట్రానిక్స్ మనిషి పండగ చేసుకున్న భాగం. సైకిల్ వాళ్ళందరి నోట్‌బుక్కుల్లో ఒకటే మాట, ఒంటికి రాసుకుంటూ పోయాడు, గాలి తగిలింది, అద్దం మోచేతికి తగిలినంత పనైంది. సరే ఎంత దగ్గరగా పోతున్నారో చూద్దామని. జర్మనీలో 2020 నుంచి ఊళ్ళ లోపల సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్లు వదలాలని చట్టంలోనే రాశారు, బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 2022లో అదే అంకె పెట్టారు. బెర్లిన్‌లో 2018లో ఒక దినపత్రిక తన పాఠకుల సైకిళ్ళకే సెన్సర్లు కట్టి కొలిస్తే సగానికి పైగా బళ్ళు ఒకటిన్నర మీటరు లోపే దాటాయి. మాకు ధైర్యం వచ్చింది అక్కడినుంచే.

పరికరం పెద్దదేం కాదు. కార్లకి రివర్సు పార్కింగులో వాడే రకం వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్, ఈఎస్‌పీ32 అనే ఒక బుల్లి కంప్యూటర్ బోర్డు, జీపీఎస్ మాడ్యూలు, మెమరీ కార్డు, పవర్‌బ్యాంకు, హ్యాండిల్ మీద ఒక బటన్. సెన్సర్ చిన్న శబ్దం వదులుతుంది, మన చెవికి వినబడదు, అది కారుకి తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన టైము మైక్రోసెకన్లలో ఇస్తుంది, దాన్ని 58తో భాగిస్తే సెంటీమీటర్లు. శబ్దం ఒక సెంటీమీటరు వెళ్ళడానికి దాదాపు 29 మైక్రోసెకన్లు, తిరిగి రావడానికి ఇంకో 29, అందుకే 58. సెన్సర్‌ని 5 వోల్టులతో నడిపితే దాని ఎకో పిన్ను (రీడింగు బయటికొచ్చే కాలు) కూడా 5 వోల్టులు కక్కుతుంది, బోర్డు తట్టుకునేది 3.3, అందుకని మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ దించాలి, చేసేవాళ్ళు ఇది మర్చిపోవద్దు. సెన్సర్ సీటు కింద కడ్డీకి కట్టాం, కానీ కారుకి దగ్గరగా ఉండేది సీటు కాదు హ్యాండిల్ కొస, కాబట్టి సెన్సర్ నుంచి హ్యాండిల్ కొస దాకా ఎంతుందో కొలిచి ప్రతి రీడింగులోంచీ తీసెయ్యాలి. ప్రతి సైకిల్‌కీ ఈ అంకె వేరే.

బటన్ ఎందుకంటే, సెన్సర్‌కి కారేదో కంచేదో తెలీదు, ఆగి ఉన్న బండిని కూడా లెక్కేస్తుంది. బండి దాటగానే తొక్కేవాడు బటన్ నొక్కుతాడు, అంతకు ముందు రెండు మూడు సెకన్ల రీడింగులే మేం చూస్తాం. నాలుగు మీటర్ల కారు మనకంటే గంటకి 30 కిలోమీటర్ల వేగం ఎక్కువతో దాటితే సెన్సర్ ముందు అర సెకను ఉంటుంది, సెకనుకి పదిహేను రీడింగుల చొప్పున ఏడో ఎనిమిదో వస్తాయి. అందులో అన్నిటికన్నా చిన్నది తీసుకుంటే ఒక్కోసారి పిచ్చి అంకె పడుతుంది, అందుకే రెండో చిన్న అంకె తీసుకుంటున్నాం, అద్దం కూడా దొరుకుతుంది, పిచ్చి అంకె పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. రాసినదీ కొలిచినదీ కలవట్లేదు. "చచ్చాననుకున్నా" అని రాసిన చోట సెన్సర్ ఒక మీటరు పైనే చూపించింది, 60 సెంటీమీటర్లు చూపించిన చోట నోట్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు. కూర్చుని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలింది, 60 చూపించినవన్నీ ట్రాఫిక్ పాకుతున్నప్పుడు, చచ్చాననుకున్నది పెద్ద బండి ఖాళీ రోడ్డు మీద దూసుకొచ్చినప్పుడు. దూరం ఒక్కటీ కొలిస్తే భయం అందదు, వేగం కూడా కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క కూడా వేగానిదే, నడిచే మనిషిని కారు ముందు భాగం గుద్దితే గంటకి 50 కిలోమీటర్ల దగ్గర ఉన్న చావు ముప్పు 65కి వచ్చేసరికి నాలుగున్నర రెట్లవుతుంది. జనం తిరిగే చోట 30 చాలని రోడ్డు భద్రత మీద 2020లో చేసిన స్టాక్‌హోమ్ డిక్లరేషన్‌లో దేశాలు ఒప్పుకున్నది అందుకే. మాలో కొంతమంది ఆ కలవని రాతలు తీసేద్దాం, అతిశయోక్తి అంటారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండూ పక్కపక్కనే వేశాం, దూరం ఇంత, మనిషికి అనిపించింది ఇది, చదివేవాళ్ళు చూసుకుంటారు.

రెండు కుర్చీలు

చిన్న పని, పెద్దగా చెప్పడానికేం లేదు గానీ సరదాగా ఉంది. బస్టాపులో కూర్చోడానికేం లేదు, కాస్త దూరంలో చెట్టు నీడ ఉంది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు చెట్టుకింద పెట్టి దూరంగా నిలబడి చూశాం. నగరాల్లో జనం తీరుని పరిశీలించిన విలియం వైట్ అనే ఆయన 1970ల్లో న్యూయార్క్ ప్లాజాల మీద కెమెరాలు పెట్టి జనం ఎక్కడ కూర్చుంటారో రోజుల తరబడి చూశాడు, చూసి తేల్చింది వింటే నవ్వొస్తుంది, కూర్చోడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారు. ఆయనే ఇంకోటి గమనించాడు, కదిలే కుర్చీ దొరికితే మనిషి కూర్చునేముందు దాన్ని ఓ రెండంగుళాలు అటో ఇటో జరుపుతాడు, అవసరం లేకపోయినా. మేం చూస్తుండగా ఒక పెద్దాయన వచ్చాడు, నీడలోనే ఉన్న కుర్చీని కొంచెం జరిపి, వెనక్కి వెళ్ళి చూసి, మళ్ళీ దాదాపు పాత చోటుకే లాగి కూర్చున్నాడు! మాకు నవ్వాగలేదు. ఆయన చేతిలో నోట్‌బుక్ పెడితే మారుమాట లేకుండా అరపేజీ రాశాడు. కూర్చోబెడితే రాస్తారు, ఇంతకాలం నిలబెట్టి రాయమన్నాం.

ఖాళీ మ్యాపు

చివరి పేజీలో వీధి బొమ్మ గీసి, ఇందులో మీది అనిపించేది ఎంతవరకో గీత గీయండి అని అడిగాం. ఇది మా సొంత బుర్ర కాదు. డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే నగర పరిశోధకుడు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధుల్లో ఇదే అడిగాడు, రోజుకి దాదాపు 2,000 బళ్ళు తిరిగే వీధి, 8,000 తిరిగేది, 16,000 తిరిగేది. బళ్ళు తక్కువున్న వీధిలో మనుషులకి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు, ఎక్కువున్న వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9. గీత గీయమంటే మొదటి వీధివాళ్ళు వీధంతా మాదే అని గీశారు, మూడో వీధివాళ్ళు గుమ్మం దగ్గరే ఆపేశారు.

మా పేజీల్లో పిల్లల గీతలు చూడాలి. లోపలి సందుల్లో పిల్లలు చెట్టు, అరుగు, కుక్క పడుకునే చోటు దాకా అన్నీ కలిపి గీశారు. మెయిన్ రోడ్డు మీద ఇల్లున్న ఒక పాప ఇంటి గేటు గీసి, అవతలి వైపు ఒక చిన్న గుండ్రం గీసి, ఇదేంటమ్మా అంటే "నా ఫ్రెండు ఇల్లు" అంది. మధ్యలో రోడ్డు ఖాళీ. రెండో షీటు మొదటి పేజీ ఆ బొమ్మే.

అచ్చు

ఏ4 కాగితాన్ని మడిచి మధ్యలో ఒక్క కోత పెడితే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం అవుతుంది, పిన్ను అక్కర్లేదు, విప్పితే వెనకవైపు పోస్టర్. పోస్టర్ వైపు మ్యాపు. ఫాంటు దగ్గర మాత్రం చాలా గొడవపడ్డాం, చిన్న సైజులో వేస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడుతున్నాయి, ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల దూరం తెలుగుకి సరిపోదు, కాబట్టి ఒకటిన్నర రెట్లు ఇచ్చి మాటలు తగ్గించుకున్నాం. తగ్గించుకోవడం మంచిదే అయింది, ఒక్కో చోటుకి ఒక మాట, ఒక కొలత, ఒక ఫోటో. కొలతలన్నీ ఎవరైనా మార్చగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా ఎక్కిస్తున్నాం, అంచు ఎత్తు, వెడల్పు, గీతల పలకలు ఉన్నాయా లేవా ఇవన్నీ అందులో పెట్టుకోవచ్చు, మేం ఆపేసినా అవి అక్కడ ఉంటాయి, ఇంకెవరో వాడుకుంటారు.

వేలాడదీశాక

లామినేట్ చేసి, అడగాల్సినవాళ్ళని అడిగి, ఏ చోటు మాట ఆ చోట కట్టాం, పక్కన పెన్సిలు. కొన్ని మర్నాటికే మాయం, అనుకున్నదే. ఉన్నవాటి కింద జనం రాయడం మొదలెట్టారు, నోట్‌బుక్ తీసుకోనివాళ్ళు కూడా. మూడో చెయ్యి లేదన్న ఆవిడ మాట కింద ఎవరో "నాకూ" అని రాశారు, దాని కింద ఇంకొకరు, దాని కింద ఇంకొకరు. సిగ్నల్ దగ్గర కాగితం కింద ఒక డ్రైవరన్న రాశాడు, "మాకు కూడా ఆ మూలన మనిషి కనపడడు, బోర్డు అడ్డం." ఎదురుగా వచ్చేవాడి వైపు నుంచి ఇలాంటి మాట వస్తుందని మేం అనుకోలేదు, వెళ్ళి చూస్తే నిజమే, డ్రైవర్ కన్ను ఎత్తులో ఫోను పెట్టి ఫోటో తీస్తే బోర్డు వెనక మనిషి తల కూడా కనపడదు. స్తంభం దగ్గర కాగితం మీద మాత్రం ఒకటే వాక్యం, "రాత్రి రండి, లైటు లేదు."

సంబంధించిన ఆఫీసుకి కాగితాలన్నీ ఒక కట్టగా ఇచ్చాం, ఒక్కో చోటుకి ఫోటో, కొలత, మ్యాపులో చోటు. సిగ్నల్ టైము గురించి చూస్తామన్నారు. స్తంభం తమది కాదన్నారు, ఎవరిదని చెప్పారో వాళ్ళూ అది తమది కాదన్నారు, ఆ కథ నడుస్తూనే ఉంది. కదిలింది ఒక్కటే, ఫుట్‌పాత్ మొదట్లో ర్యాంపు పోశారు.

పోశారు గానీ, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు, ర్యాంపు పొడవు 60. అంటే నాలుగుకి ఒకటి వాలు. వీల్‌చెయిర్ వాళ్ళకి చెప్పే వాలు పన్నెండుకి ఒకటి, 15 సెంటీమీటర్ల ఎత్తుకి 180 పొడవుండాలి. మాతో మొదటినుంచీ ఉన్న వీల్‌చెయిర్ ఆయన వెళ్ళి చూసి నోట్‌బుక్‌లో మూడే లైన్లు రాశాడు: "దిగొచ్చు. ఎక్కలేను. దిగడం కూడా వెనక్కి తిరిగి, ఎవరైనా పట్టుకుంటే." అది ఫోటోతో సహా మళ్ళీ ఆఫీసుకి వెళ్ళింది. ఈసారి అక్కడున్న ఇంజినీరు టేపు ఫోటో చూసి, కాసేపు మాట్లాడకుండా ఉండి, పగలగొట్టి మళ్ళీ పోయిస్తామన్నారు, పొడవు చాలకపోతే ఫుట్‌పాత్‌నే కొంచెం దించుతామన్నారు.

పోసే రోజు మేస్త్రీ పక్కన తనే ఉంటానని వీల్‌చెయిర్ ఆయన పట్టుబట్టాడు. టేపు ఆయన దగ్గరే వదిలేశాం, పన్నెండుకి ఒకటి ఎంతవుతుందో అట్టముక్క మీద త్రికోణం కోసి ఇచ్చాం, కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే అంచున పెట్టి చూసుకోవచ్చు. ఈలోపు మాకు రాత్రి నడకలు మొదలెట్టాలి, స్తంభం దగ్గర్నుంచే, టార్చి లేకుండా.